అరుగు మీద అసమర్థుడు

లైబ్రరీ నవల చేతికి రాగానే మా గోదావరి డెల్టా పాత చదువరులు ముందు చూసేది పేజీల అంచు. అట్ట సంగతి తర్వాత. అందరికీ నచ్చిన నవలకి అంచంతా ఒకటే రంగు. వేలి జిడ్డు, వక్క మరక, కొబ్బరినూనె తడి మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా సమానంగా పాకి ఉండేవి. కథానాయకుడు ఎవరికీ కొరుకుడు పడని నవల అంచు ఇంకో రకం. మొదటి అరవై డెబ్భై పేజీలు నల్లగా, ఆ పైన తెల్లగా. కాలువ కట్టేశాక లాకు గోడ మీద నాచు గీత నిలబడిపోతుంది చూడండి, అలాంటి గీత. ఆ గీత దగ్గరే ఒకరి తర్వాత ఒకరు "ఈ మనిషితో మన వల్ల కాదండి బాబూ" అని మూసి తిరిగిచ్చేశారన్నమాట.

వెనకట్ట లోపల అంటించిన తేదీ కాగితం కూడా అదే చెప్పేది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి పేరు తెచ్చుకున్న నవలకి ఒకదాని మీద ఒకటి మూడు కాగితాలు అంటించాల్సి వచ్చేది. నచ్చని మనిషి నవలకి ఒక్క కాగితమే నిండేది కాదు. ముద్రకీ ముద్రకీ మధ్య ఏడాది, ఏడాదిన్నర ఎడం. మధ్యలో ఎక్కడైనా పదిహేనేసి రోజులకి వరుసగా నాలుగు తేదీలు పడి ఉంటే మాత్రం, ఆ వేసవిలో ఆ నవలని ఏదో ఒక అరుగు మీద పైకి చదివించారని లెక్క.

ఆ చదువులకో కాలం ఉండేది. రెండో పంట దాళ్వా కోతలై, ధాన్యం కొట్టుకెక్కి, కాలువలు కట్టేసిన నెలన్నర. చేలు బీటలు తీసి ఉంటాయి, నారుమళ్ళకి నీళ్ళు ఇంకా వదలరు. పూడిక తీత, పెంకు తిరగనేయడం, పెళ్ళిళ్ళు, ఇంతే పని. పొద్దు వాలి సముద్రం వైపు నుంచి గాలి తిరిగాక వీధరుగు మీద కూర్చోవచ్చు. పుస్తకాలకి మొహం వాచిన ప్రాంతం కూడా కాదిది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం మూలాల్లో 1898 నాటి వాసురాయ గ్రంథాలయం ఉంది. గ్రంథాలయోద్యమ పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది ఇక్కడి కొంకుదురులోనే. ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కూడా కడుతున్నాం కదా అని శాఖా గ్రంథాలయం మీద ఊళ్ళో అందరికీ కాస్త హక్కు ఉండేది.

అద్దె లైబ్రరీలూ ఉండేవి, బస్టాండు పక్కన, కిళ్ళీకొట్టు పక్కన. రోజుకి పావలానో అర్ధరూపాయో. అక్కడ మాత్రం ఈ రకం నవల దొరికేది కాదు. తప్పు కొట్టువాడిది కాదు. రోజుకింత అని డబ్బు కట్టి తీసుకెళ్ళిన మనిషికి తొందర ఉంటుంది. కథానాయకుడు యాభై పేజీల పాటు మంచం మీద పడుకుని తనని తాను తిట్టుకుంటూ ఉంటే, ఆ తిట్ల మీద కూడా అద్దె పడుతున్నట్టే. రెండో రోజు పొద్దున్నే తెచ్చిచ్చేస్తాడు. అందుకని ఈ మనుషులంతా సర్కారు లైబ్రరీ పై అరలోనే కాపురం.

ఎవరీ మనుషులు? దుర్మార్గులైతే సులువే, వాళ్ళు పోయేదాకా ఆనందంగా చదువుకుంటాం. ఈ రకం వేరు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఉన్నాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట పట్టుకుని ఉన్న ఆస్తి కరగబెట్టుకుని, ఆ తర్వాత లోకం మీద కసి పెంచుకుని, ఆ కసి భార్య ఇందిర మీద తీర్చుకుని, చివరికి శ్మశానం దాకా నడుస్తాడు. రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్య ఉన్నాడు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, బావమరిది అంటే భయం, తన నీడంటే భయం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' దయానిధి ఉన్నాడు. తల్లి గురించి ఊరు అనే మాటలు మోసుకుంటూ తిరుగుతాడు, దగ్గరికొచ్చిన వాళ్ళెవరినీ దగ్గరగా ఉండనివ్వడు. బుచ్చిబాబు మన ఏలూరులో పుట్టినవాడే అయినా అరుగు మీద దయానిధికి మినహాయింపేమీ ఇచ్చేవారు కారు.

ముగ్గురిలో డెల్టా రైతులకి అస్సలు మింగుడు పడనివాడు సీతారామారావు. సుబ్బయ్యని చూసి జాలిపడి ఊరుకోవచ్చు. దయానిధి చదువుకున్నవాడు, డాక్టరు, ఆ గొడవలేవో వేరే అనుకోవచ్చు. సీతారామారావు అలా కాదు. ఉన్నవాడి కొడుకు, పెద్దల పేరున్న కుటుంబం, అన్నీ ఉండి పోగొట్టుకున్నవాడు. అలాంటి మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడు ఉండేవాడు, ఒక్కోసారి ఆ అరుగు చివరే కూర్చుని ఉండేవాడు కూడా.

ఇలాంటి నవల పైకి చదవడానికి మొదట కావలసింది తగిన గొంతు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేవారు. గోదావరి జిల్లాల్లో పద్య నాటకం ఆడినవాడు ఊరికొకడు దొరుకుతాడు. గొంతు బాగుంది కదా అని అతని చేతికిస్తే నవల చచ్చిపోయిందే. అతను సీతారామారావుని చదవడు, ఆడతాడు. కోపం వచ్చిన చోట మీసం మెలేసినట్టు, ఏడుపు వచ్చిన చోట రాగం తీసినట్టు. పది పేజీలు అయ్యేసరికి కథానాయకుడు రంగస్థలం మీద దుర్యోధనుడైపోతాడు, జనం చప్పట్లు కొడతారు, పుస్తకంలో ఉన్న చిన్న మనిషి ఎక్కడో జారిపోతాడు. పోస్టుమాస్టరు గారో, దస్తావేజులు చదివి అలవాటైన కరణం గారో అయితే మేలు. దస్తావేజు చదివేటప్పుడు తూర్పు హద్దుకి ఒక గొంతూ పడమటి హద్దుకి ఇంకో గొంతూ పెట్టరు కదా. తిట్టునీ, ముద్దునీ, ఆకలినీ అదే ఎత్తులో చదివే గొంతు కావాలి. అప్పుడు వినేవాళ్ళకి కోపం తెచ్చుకునే పని తమది అని తెలుస్తుంది.

రెండోది కొలత. తెలుగు పైకి చదివితే నిమిషానికి నూరు, నూటపది మాటలు సాగుతాయి. క్రౌన్ సైజు పుస్తకంలో పేజీకి రెండొందల మాటలు అటూ ఇటుగా ఉంటాయి. అంటే ఇరవై పేజీలు నలభై నిమిషాల పని. కథ పరుగెత్తే నవలైతే గంటన్నర చదివినా జనం కదలరు. ఈ రకానికి నలభై నిమిషాలు దాటనివ్వకూడదు. దాటితే ఏమవుతుందంటే, వినేవాళ్ళకి విసుగు ఆ మనిషి మీద వచ్చిందో, చదువు మీద వచ్చిందో తేడా తెలియదు. రెండూ కలిసి మర్నాడు సగంమంది రారు. ఇంకో ముక్క: అధ్యాయం చివర ఆపకూడదు. అధ్యాయం చివర రచయిత ఏదో ఒకటి ముడి వేస్తాడు, ఆ ముడి పట్టుకుని ఇంటికెళ్ళి తీర్పు చెప్పేస్తారు. అధ్యాయం మధ్యలో, అతను అన్నం తింటూ ఉండగానో, రోడ్డు దాటుతూ ఉండగానో ఆపితే మనిషి మనసులో అలా నిలబడి ఉంటాడు. మర్నాడు మళ్ళీ వస్తారు, కనీసం ఆ రోడ్డు దాటించడానికి.

ఇక అసలు చిక్కు మన భాషలోనే ఉంది. ఈ నవలల్లో సగానికి పైగా ఆ మనిషి తనలో తాను అనుకునే మాటలే. తెలుగు వాక్యంలో 'అనుకున్నాడు' అనే మాట చివర్న వస్తుంది. అంతదాకా నడిచిన ఆరేడు ముక్కలూ ఎవరివో వినేవాడికి తెలియదు. "లోకంలో అందరూ స్వార్థపరులే, మంచివాడికి ఇక్కడ చోటు లేదు, తను ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు" అని వరసగా చదువుకుంటూ పోతే, అది రచయిత చెబుతున్న సత్యంలా వినిపిస్తుంది. అరుగు మీద ఇద్దరు తలలూపేస్తారు కూడా. ఆ తర్వాత 'అనుకున్నాడు' వస్తుంది. ఊపిన తల వెనక్కి తీసుకోవడం కష్టం. కళ్ళతో చదివేవాడికి ఈ బాధ లేదు, వాక్యం చివర ముందే కంటికి కనబడిపోతుంది.

దీనికి తెలిసిన చదువరి చేసే పని ఒకటుంది. నోరు ఒక వాక్యం మీద ఉంటే కన్ను దాని తర్వాత వాక్యం చివరి మాట మీద ఉంటుంది. అక్కడ 'అనుకున్నాడు' కనబడితే, ఆ వాక్యం మొదలుపెట్టే ముందే అర క్షణం ఆగి గడ్డం కాస్త కిందికి దించుతాడు. గొంతు మారదు, ఎత్తు ఒక మెట్టు తగ్గుతుంది అంతే. గడ్డం దిగితే అది ఆ మనిషి లోపలి గొడవ, గడ్డం లేస్తే రచయిత చెప్పే మాట. రెండు రోజుల్లో వినేవాళ్ళకి చెప్పకుండానే ఈ లెక్క తెలిసిపోతుంది. రావిశాస్త్రి దగ్గర ఇది మరీ అవసరం. సుబ్బయ్య భయాలూ, బయట జరిగేవీ ఒకదానిలోంచి ఒకటి జారిపోతూ ఉంటాయి. ముందు రోజు రాత్రి ఆ ఇరవై పేజీలూ ఒకసారి చూసుకుని, గడ్డం దించాల్సిన చోట్ల సన్నగా పెన్సిల్ చుక్క పెట్టుకోకపోతే చదువరి తనే తప్పిపోతాడు. చుక్కే పెట్టాలి, గీత గీస్తే లైబ్రేరియన్ ఊరుకోడు.

ఇంకో చిక్కు 'అతను', 'వాడు'. కథానాయకుడిని పేరుతోనో, 'అతను' అనో పిలుస్తాడు రచయిత. మొదటి రోజు వినేవాళ్ళూ మాటల్లో 'అతను' అనే అంటారు. మూడో రోజుకి 'ఈ మనిషి' అవుతాడు. భార్య మీద చెయ్యి చేసుకున్న రోజున 'వీడు', ఆ పైన ఇక 'ఈ వెధవ'. వినేవాళ్ళు అలా దిగిపోవచ్చు, వాళ్ళ ఇష్టం. చదివేవాడు దిగకూడదు. పుస్తకంలో 'అతను' అని ఉన్నచోట నోరు జారి 'వాడు' అన్నాడా, రచయిత పెట్టిన దూరం చెరిగిపోయినట్టే. దూరం చెరిగితే మిగిలేది తిట్టడం ఒక్కటే. పక్కింటి వాణ్ణి తిట్టడానికి ఇన్ని పేజీలు అక్కర్లేదు. 'గారు' లేకుండా చిన్నపిల్లల్ని కూడా పిలవని ప్రాంతంలో, ఇంత పనికిమాలినవాణ్ణి పట్టుకుని రోజుకి నలభై నిమిషాలు 'అతను' అనడం చిన్న పనేం కాదు.

చదువు అయ్యాక మాటలు. ఈ మాటలు గాలికి పోకుండా కొన్ని చోట్ల ఒక చిట్టా రాసేవారు. లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకం, రూళ్ళు లేనిది. పేజీకి నిలువునా రెండు గీతలు గీస్తే మూడు గళ్ళు వస్తాయి. ఎడమ గడిలో ఆ రోజు పేజీల్లో అతను అన్నది, అనుకున్నది. మధ్య గడిలో అతను నిజంగా చేసింది. కుడిపక్క సన్నటి గడిలో దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో, ఆ పేరు. ధాన్యం లెక్కా, కూలీల లెక్కా రాసే చేతులకి ఇది కొత్త కాదు. రోజుకి ఐదారు పద్దులు చాలు.

ఒక్కటే నియమం. పద్దుల్లో గుణం రాయకూడదు. 'మూర్ఖత్వంగా డబ్బిచ్చాడు' అని రాస్తే కొట్టెయ్యాలి, 'డబ్బిచ్చాడు' అని ఉంచాలి. మొదట్లో అందరూ ఇక్కడే తప్పు చేసేవారు. గుణం రాసిన పద్దు చదివితే రాసినవాడు కనబడతాడు, కథలో మనిషి కనబడడు.

వారం గడిచాక ఆ పేజీలు వరుసగా తిరగేస్తే చిత్రంగా ఉండేది. సీతారామారావు లెక్కలో ఎడమ గడి రోజురోజుకీ కిక్కిరిసిపోయేది. వంశం, ప్రతిష్ఠ, లోకం, మోసం, అన్నీ అక్కడే. మధ్య గడి పలచబడుతూ వచ్చి, ఒక్కో రోజు ఖాళీగానే ఉండిపోయేది. కుడి గడిలో మాత్రం ఒక్క పేరే మళ్ళీ మళ్ళీ: ఇందిర, ఇందిర, ఇందిర. సుబ్బయ్య లెక్కలో మధ్య గడి ఇంకా ఖాళీ, కాని కుడి గడిలో అతని సొంత పేరే ఎక్కువసార్లు పడేది. ఇద్దరూ పిరికివాళ్ళే అని ఒక్క ముక్కలో తేల్చేసే పెద్దమనిషి కూడా ఆ రెండు కుడి గళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాక కాసేపు మాట్లాడేవాడు కాదు.

ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. అరుగు మీది మగాళ్ళకి సీతారామారావు మీద మండిపోయేది ఆస్తి పోయినప్పుడు. భూమి కరగబెట్టుకున్న వాణ్ణి డెల్టా క్షమించదు. భార్యని కొట్టిన చోట "తప్పేననుకోండి, కానీ మనిషి ఎంత నలిగిపోయాడో" అని ఒకడైనా అనేవాడు. గుమ్మం లోపల, తలుపు పక్కన చాప వేసుకుని వినే ఆడవాళ్ళ లెక్క దీనికి సరిగ్గా తిరగబడి ఉండేది. ఆస్తి ఏ పేజీలో పోయిందో వాళ్ళకి గుర్తుండేది కాదు. మొదటి దెబ్బ ఏ పేజీలో పడిందో గుర్తుండేది. పొద్దున్న వంటయ్యాక, పిల్లాడి చేత పుస్తకం అడిగి తెప్పించుకుని ఆ పేజీ మళ్ళీ చదివేవారు. వాళ్ళు వెతికేది సీతారామారావుని కాదు, ఆ సమయంలో ఇందిర ఏమందో అది. సాయంత్రం లోపలి నుంచి ఒక్క మాట వచ్చేది, "ఏవండీ, ఆ అమ్మాయి అప్పటికి ఎన్ని రోజుల్నించి మాట్లాడలేదో చూశారా?" అని. అరుగు మీద పేజీలు వెనక్కి తిరిగేవి. నిజమే, ఎవరూ చూసి ఉండరు.

అందుకే లోపల వినేవాళ్ళకి వినబడేలా కూర్చోవడం కూడా ఈ చదువులో ఒక పని. చదివేవాడు వీధికి ఎదురుగా కూర్చుంటే గొంతు వీధిలోకి పోతుంది. గుమ్మానికి పక్కగా, గోడకి వీపు ఆన్చి కూర్చుంటే రెండు వైపులా అందుతుంది. దీపం చదివేవాడి ఎడమ భుజం పక్కన ఉండాలి. తొలకరి పడ్డాక ఉసిళ్ళు లేచే సాయంత్రాల్లో దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టినా లాభం లేదు, ఆ రోజుకి చదువు మానుకోవడమే.

పాడుచేసేవి ఇంకా ఉన్నాయి. ముందే చదివేసినవాడు ఒకడు ఉంటాడు. "చివర్లో చచ్చిపోతాడులెండి" అనేస్తాడు. మామూలు నవలకి ఇది ప్రాణాంతకం. చెబితే వింతగా ఉంటుంది గాని, ఈ రకం నవలకి అంత నష్టం లేదు. మారతాడా మారడా అనే ఎదురుచూపు పోతుంది, అది పోతేనే మంచిది. ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద తెగులు ఆ ఎదురుచూపే. మన కథల్లో తాగుబోతు చివరికి కల్లు మానేస్తాడు, కోడల్ని కాల్చుకు తిన్న అత్త కాళ్ళ మీద పడుతుంది. ఆ అలవాటుతో నూరో పేజీ నుంచి ప్రతి మంచి మాటకీ "అదిగో, దారికొస్తున్నాడు" అంటారు. రాడు. మళ్ళీ రాడు. మూడోసారికి వినేవాళ్ళు రచయిత మీదకి తిరుగుతారు, తమని మోసం చేశాడని. వాళ్ళ ఆశ వాళ్ళని మోసం చేసిందని ఆ వేడిలో ఎవరు చెబితే వింటారు?

మరో తెగులు, కథానాయకుడి నోట్లో మాటని రచయిత మాటగా పట్టుకోవడం. గోపీచంద్ ఈ నవలలో దీనికో విరుగుడు పెట్టాడు. రామయ్య తాత. లోకజ్ఞానం తెలిసిన ముసలాయన, సీతారామారావుకి ఎదురుగా నిలబడే మాట ఆయనది. కాని అరుగు మీద ఆయనతో ఇంకో ప్రమాదం వచ్చిపడేది. ముసలాయన నోరు విప్పగానే "ఆయ్, ఇదండీ మాటంటే!" అని అందరూ ఆయన పక్షం చేరిపోయి, ఆ పైన సీతారామారావు మాట వినడం మానేసేవారు. ఆయన ఉన్న పేజీలని కాస్త వేగంగా చదివించి, ఆగకుండా సీతారామారావు దగ్గరికి వచ్చేయడమే దీనికి మందు. ఇది నవలకి న్యాయమేనా అని అడిగితే, కాకపోవచ్చు. పైకి చదవడంలో ఇలాంటి రాజీలు తప్పవు.

అయితే నచ్చనివాళ్ళంతా బరువే అనుకోవద్దు. ఖండవల్లిలో పుట్టి వీరవాసరంలో పెరిగిన చిలకమర్తి వారి 'గణపతి' ఉందిగా. చదువు సున్న, పొగరు మిన్న. ఇంట్లో ఉంటే ఒక్కరోజు భరించలేం. అయినా ఆ నవల అంచు మొదటి నుంచి చివరి దాకా నల్లగానే ఉండేది. రేడియో నాటకంగా విని కూడా జనం పొర్లి పొర్లి నవ్వారు. తేడా ఎక్కడుందంటే, గణపతిని రచయిత మనతో కలిసి బయటి నుంచి చూస్తాడు, మనకి పక్కన చోటు ఇస్తాడు. సీతారామారావు విషయంలో ఆ చోటు లేదు, అతని తలలోకే తోసి తలుపు వేసేస్తాడు. మొక్కపాటి వారి మొగల్తూరు పార్వతీశం సంగతి ఇక చెప్పక్కర్లేదు. తన తెలివితక్కువతనాన్ని తనే చెప్పుకుని నవ్వేవాణ్ణి ఎవడు ద్వేషిస్తాడు? బరువైన నవల మొదలుపెట్టే ముందు రెండు రోజులు గణపతిని చదివి గొంతులు సవరించుకునే పద్ధతి కొన్ని చోట్ల ఉండేది. తర్వాత చదివితే మాత్రం లాభం లేదు. నవ్వులో పడి ముందు మనిషిని మర్చిపోతారు.

మార్జిన్లలో పెన్సిల్ రాతల గురించి కూడా చెప్పుకోవాలి. లైబ్రరీ పుస్తకంలో రాయడం తప్పే. అయినా ఈ రకం నవలల్లోనే ఎక్కువ రాసేవారు, కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. ఒక పేజీ పక్కన 'వీడికి బుద్ధి ఎప్పుడొస్తుంది?' అని ఒకరి చేతిరాత. దాని కిందే వేరే రాతలో 'రాదు'. ఇంకో ముప్ఫై పేజీలు దాటాక, మొదటి రాతలోనే, 'నిజమే'.

పుస్తకం ఒళ్ళు కాపాడుకోవడం వేరే విద్య. డెల్టా గాలిలో తేమకి శ్రావణం వచ్చేసరికి అట్ట లోపల బూజు పడుతుంది. కలరా ఉండలు అర మూలల్లో పెట్టాలి, పుస్తకం మీద కాదు. వేపాకు పేజీల మధ్య పెట్టేవాళ్ళు పూర్తిగా ఎండిందే పెట్టాలి, పచ్చిది పెడితే ఆకు ఆకారంలో మరక దిగి అక్షరాలు చదవలేం. 1986 ఆగస్టు వరద లాంటిది వచ్చినప్పుడు తడిసిన పుస్తకాన్ని ఎండలో పరిస్తే అట్ట ముందు ఎండి విల్లులా వంగిపోతుంది, లోపలి పేజీలు మాత్రం దిమ్మలా అతుక్కుంటాయి. నీడలో నిలబెట్టి, ఆరేడు పేజీలకొకటి చొప్పున తెల్ల కాగితం పెట్టి, పూటకోసారి మార్చుకోవాలి. న్యూస్ పేపరు పెడితే దాని సిరా నవల మీదకి ఎక్కుతుంది. కింది అరల్లో, చేతికందేచోట ఉన్న అందరికీ ఇష్టమైన నవలలే ముందు తడిసేవి. పై అరలో ఎవరూ ముట్టని మనుషులు పొడిగా ఉండిపోయేవారు.

ఎన్ని జాగ్రత్తలు పడ్డా పైకి చదివించిన నవలకి చివరి పేజీలు ముందు ఊడిపోతాయి. ఆఖరి రోజున ఆ పేజీలు చేతులు మారతాయి, ఒకరు చదివింది నమ్మక ఇంకొకరు లాక్కుని చూస్తారు. దారం సడలి ఆఖరి రెండు కాగితాలు ఎక్కడో పడిపోతాయి. అప్పుడు చిక్కేమిటంటే, తర్వాతి ఏడాది చదివేవాళ్ళకి ముగింపు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. మెత్తని మనిషి చెబితే కథానాయకుడు పశ్చాత్తాపపడి పోతాడు, కఠినమైన మనిషి చెబితే కుక్కచావు చస్తాడు. ఒకే నవలకి రెండు వీధుల్లో రెండు ముగింపులు.

దాన్ని సరిచేయడానికి పక్క ఊరి లైబ్రరీ ప్రతి సైకిల్ మీద తెప్పించి, పోయిన పేజీలు చేత్తో ఎత్తి రాసి అతికించేవారు. అసలు పేజీ కొలతకి కోసిన తెల్ల కాగితం, వీపు వైపు అర అంగుళం ఎక్కువ ఉంచి మడవాలి. ఆ మడతకే జిగురు. గిద్దెడు మైదాకి ఐదు గిద్దల నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా కలియబెడుతూ సన్నసెగ మీద పారదర్శకం అయ్యేదాకా కాయాలి. దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. విషం కాబట్టి ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి తేకూడదు. జిగురు పూర్తిగా చల్లారాకే పూయాలి, వేడి మీద పూస్తే కాగితం అలలు తీస్తుంది. అతికించి, రెండు పీటల మధ్య పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం ఎత్తితే రాత్రికి ఆరిపోతుంది.

అలా నీలి సిరాతో ఎత్తి రాసిన రెండు కాగితాలతో ఒక నవల చాలా ఏళ్ళు తిరిగింది. గుండ్రటి చేతిరాత, అచ్చు పుస్తకంలో ఎన్ని వరుసలుంటే అన్నే వరుసలు, కామా కూడా పోలేదు. ఒక్కచోట మాత్రం రాసినాయన చెయ్యి జారి 'వాడు' అని పడింది. ఎవరో దాన్ని సన్నగా కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో 'అతను' అని దిద్దారు.